అమ్మీ హమామ్

మా ఇంట్లో ఫజర్ అజాన్ కంటే ముందు లేచేది హమామ్. హమామ్ కంటే ముందు లేచేది అమ్మీ.

ఈ రెండో మాట నాకు అర్థం కావడానికి నలభై ఏళ్ళు పట్టింది. ఆ సంగతే ఇవాళ రాస్తున్నా.

చిత్తూరులో మా ఇంటి వెనక ఆంగన్‌లో, రేకుల కింద, ఒక మూలగా ఉండేది ఆ హమామ్. రాగిది. నా చిన్నప్పుడు నా భుజాల ఎత్తు ఉండేది. కింద జల్లెడ, దాని మీద మంట, నడిమధ్యలో పైదాకా పోయే గొట్టం, గొట్టం చుట్టూ నీళ్ళు. పైన చన్నీళ్ళు పోస్తే పక్కనున్న కుళాయిలో ఉడుకునీళ్ళు వస్తాయి. మా వీధిలో తెలుగువాళ్ళు దాన్ని బాయిలర్ అనేవాళ్ళు. పక్కింటి అవ్వ మాత్రం 'కాగు' అనేది. వాళ్ళది మట్టిపొయ్యి మీద కూర్చోబెట్టిన పెద్ద బాన. పేరు ఏదైనా పని ఒకటే.

1974లో అమ్మీ నిఖా అయినప్పుడు మదనపల్లె నుంచి ఆమెతో పాటు వచ్చింది అది. మదనపల్లె చలి సంగతి మీలో చాలామందికి తెలుసు. చిత్తూరులో అంత చలి ఉండదని తెలిసినా, బిడ్డ చన్నీళ్ళు పోసుకోకూడదని నానా వేలూరు పోయి కొని తెచ్చారట. వేలూరు నుంచి మదనపల్లె, మదనపల్లె నుంచి మళ్ళీ చిత్తూరు. ఆ రోజుల్లో బస్సు పైన కట్టి తెచ్చిన కథను నానా బతికినన్నాళ్ళూ చెప్పేవారు.

అబ్బా ఆర్టీసీలో కండక్టర్. తిరుపతి ఫస్ట్ బస్సు డ్యూటీ పడితే నాలుగున్నరకే ఇంట్లోంచి బయటపడాలి. అంటే నాలుక్కి నీళ్ళు కాగాలి. అంటే మూడున్నరకు మంట అంటుకోవాలి. మామిడి పుల్లలు, సర్వి కట్టె, టెంకాయ చిప్పలు, ఎండాకాలంలో తిని ఎండబెట్టిన మామిడి టెంకలు, ఏది దొరికితే అది. అబ్బా వెళ్ళాక మా దాదాకు వుజూ నీళ్ళు. ఆ తర్వాత దాదీకి, మాకు, స్కూలు టైముకు వరసగా అందరికీ. తొమ్మిదింటికి మంట ఆరేది. రమ్‌జాన్‌లో సహ్రీ కోసం ఇంకా ముందే వెలిగేది.

మా ఒక్క ఇంటికే కాదు. వీధిలో ఎవరింట్లో కాన్పు అయినా, చిల్లా నలభై రోజులూ బాలింతకు గుసుల్ నీళ్ళు మా హమామ్ నుంచే పోయేవి. ఎవరింట్లో మయ్యత్ అయినా ముందు మా తలుపే కొట్టేవాళ్ళు. అర్ధరాత్రి అయినా సరే. అమ్మీ ఏమీ అడిగేది కాదు. దుపట్టా తలమీదికి లాక్కుని కట్టెలు పేర్చేది. రేగాకులు దంచి వేసిన నీళ్ళు, ఆఖరున కాఫూర్ కలిపిన నీళ్ళు. 2009లో అబ్బాకు గుసుల్ ఇచ్చిన నీళ్ళు కూడా ఆ హమామ్‌లో కాగినవే. ఆరోజు మాత్రం మంట వేసింది పక్కింటి అవ్వ కొడుకు. అమ్మీని లేవనివ్వలేదు.

గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ గుంబదుల మధ్య ఒక హమ్మామ్ ఉంది. రాజకుటుంబంలో చనిపోయినవాళ్ళకు గుసుల్ ఇవ్వడానికి కట్టింది. రిపోర్టర్‌గా హైదరాబాద్ పోయినప్పుడు చూశాను. ఉడుకునీళ్ళకూ చన్నీళ్ళకూ వేరు వేరు ఏర్పాట్లు, రాతి అరుగు. అది చూసినప్పుడు నాకు సుల్తాన్లు గుర్తుకు రాలేదు. మా రేకుల కింద నల్లబడ్డ గోడ గుర్తుకు వచ్చింది. బాద్‌షాలకు ఒక ఇమారత్ చేసిన పనిని మా మొహల్లాకు ఒక ఆడమనిషి చేసింది.

ఇంత గొప్పగా చెప్తున్నా కదా. ఇప్పుడు రెండో వైపు చెప్తా.

1999లో దీపం పథకం వచ్చింది, ఊళ్ళల్లో ఆడవాళ్ళకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. కట్టెలపొయ్యి పొగ ఆడవాళ్ళ ఊపిరితిత్తుల్ని ఎట్లా తింటుందో ఆ రోజుల్లో నేనే ఎన్నో వార్తలు రాశాను. ఇళ్ళల్లో పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క కూడా రాశాను. మా ఇంట్లో వంటకు గ్యాస్ ఎప్పుడో వచ్చింది. ఇక పొగ లేదనుకున్నాం. వంటింట్లో పొగ పోయింది నిజమే. ఆంగన్‌లో హమామ్ అట్లాగే ఉంది. గ్యాస్ మీద అంత నీళ్ళు కాచడం ఎవరి తరం? సిలిండర్ పది రోజులు కూడా రాదు. అందుకే వంటకు గ్యాస్, నీళ్ళకు కట్టె. మన ఇళ్ళల్లో ఎన్నో చోట్ల ఇదే కథ. పథకాల లెక్కలో మాది పొగలేని ఇల్లు.

2017లో తమ్ముడూ నేనూ కలిసి బాత్‌రూమ్‌లో 25 లీటర్ల గీజర్ పెట్టించాం. అమ్మీకి ఆరాం ఇచ్చేశామని చాలా ఖుషీ. కానీ ఇంట్లో ఆరుగురు. మూడో మనిషి స్నానానికి వచ్చేసరికి నీళ్ళు గోరువెచ్చన. కరెంటు బిల్లు చూసి అమ్మీ అబ్బా అంత గట్టిగా "యా అల్లాహ్" అన్నది. తడి చేత్తో స్విచ్ ముట్టుకోవాలంటే డర్. పిల్లలకు గీజర్, తనకూ వచ్చేపోయేవాళ్ళకూ హమామ్ అని తనే పంచేసింది. మేం చూసీ చూడనట్టు ఉన్నాం.

నాలుగేళ్ళకు గీజర్ టాంకు అడుగున కారడం మొదలైంది. మా బోరు నీళ్ళు ఉప్పు. మెకానిక్ విప్పి చూపించాడు. కాయిల్ చుట్టూ సున్నంలా తెల్లగా గట్టిపడి ఉంది. "సార్, దీంట్లో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటాది. ఉప్పునీళ్ళు టాంకును తినకుండా అది ముందు తరిగిపోతాది. రెండేండ్లకొకసారి చూసుకోని మార్చాల. మీదీ అంతా అయిపోయి ఎన్నాళ్ళయిందో." అమ్మినవాళ్ళు ఆ ముక్క మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు. గీజర్ పోయింది. మళ్ళీ ఇల్లంతా హమామ్ మీద పడింది.

2023 చలికాలానికి హమామ్‌కు కూడా వయసైపోయింది. గొట్టం అతుకు దగ్గర చిల్లి పడింది. అంతకుముందు రెండుసార్లు టంకం వేయించాం. ఈసారి రాగే పలచబడిపోయింది, టంకం నిలవదన్నారు. నీళ్ళు బొట్టు బొట్టుగా మంట మీద పడతాయి. మంట సగం ఆరుతుంది, పొగ రెండింతలు లేస్తుంది. అమ్మీ గొట్టం పట్టుకుని ఊదుతూనే ఉంటుంది.

అమ్మీ దగ్గు గురించి ఆపా ఎన్నేళ్ళుగానో చెప్తోంది. "చలికాలం ఖాసీ, ఎండాకాలం పోతుంది" అని నేను కొట్టిపారేసేవాణ్ణి. ఆ నవంబరులో ఆపానే బలవంతంగా డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఊదమని ఒక మిషన్ ఇచ్చి, రిపోర్ట్ చూసి డాక్టర్ అడిగారట, "ఇంట్లో సిగరెట్లు, బీడీలు ఎవరు తాగుతారమ్మా?" ఎవరూ తాగరు. "మరి కట్టెల పొయ్యి?" అమ్మీ గర్వంగా చెప్పిందట, "మాకు గ్యాస్ ఉంది సాబ్." ఆపా పక్కనుంచి హమామ్ సంగతి చెప్పింది. జన్మలో బీడీ ముట్టని మనిషికి సీఓపీడీ అని రాసి, పఫ్ ఇచ్చి, రేపటి నుంచి పొగ దగ్గరికి పోవద్దన్నారు.

ఆ ఆదివారం తిరుపతి నుంచి వచ్చాను. తమ్ముడు హమామ్ అమ్మేసి పెద్ద గీజర్ పెడదామన్నాడు. నాకు మనసొప్పలేదు. వెలిగించొద్దు, సరే. కానీ అమ్మొద్దు. తోమించి తిరుపతి తీసుకుపోతా, హాల్లో పెట్టుకుంటా, దాని గురించి ఒక మంచి వ్యాసం రాస్తా. దానిలో అబ్బా యాదేఁ ఉన్నాయి, మన బచ్‌పన్ ఉంది అని ఏవేవో చెప్పాను. ఇద్దరం గొంతులు పెంచాం. తఖ్త్ మీద కూర్చుని సరోతాతో వక్కలు కత్తిరిస్తున్న అమ్మీ అది ఆపింది.

"యే హమామ్ కిస్‌కా హై?"

"మనదే అమ్మీ."

"మేరా హై. మేరే బావా దియే సో. తుమ్ దోనో కౌన్ బాట్నే వాలే?"

ఇద్దరం నోరు మూసుకున్నాం. మాట నిజమే. జహేజ్ అడగడం మన దీన్‌లో లేదు, కానీ తల్లిదండ్రులు ఖుషీగా బిడ్డకు ఇచ్చింది బిడ్డ మిల్కియత్. అది భర్త ఆస్తిలో కలవదు, ఆయన పోయాక తర్కాలోకి రాదు. అబ్బా ఇంట్లో అమ్మీకి వచ్చేది ఎనిమిదో వంతు. హమామ్‌లో మాత్రం పదహారణాలూ అమ్మీవే. ఉర్దూ మీడియం బడిలో దీనియాత్‌లో ఫస్ట్ వచ్చిన నాకు ఆ మాట గుర్తు రాలేదు.

"అయితే నువ్వే చెప్పు. తీసేద్దామా, ఉంచుకుందామా?" అన్నాను.

"తీసేయండి. ఈ వారమే."

"అమ్మీ, యాభై ఏళ్ళది. నీకు బాధ లేదా?"

అమ్మీ నా వైపు చాలాసేపు చూసింది. కోపంగా కాదు. "బేటా, నీకు గరం పానీ యాద్ ఉంది. నాకు ధువాఁ యాద్ ఉంది. ఒక్కరోజన్నా దాన్ని నువ్వు వెలిగించావా రే?"

గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. కట్టెలు మోశాను. నీళ్ళు పోశాను. బూడిద ఎత్తి పారేశాను, అదీ తిట్లు తిని. వెలిగించింది మాత్రం ఒక్కరోజు కూడా లేదు.

ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. మూడున్నరకు నేనే లేచి ఆంగన్‌లోకి పోయాను. మంచు పడి కట్టె చెమ్మగా ఉంది. పేపర్ పెట్టి అంటించాను. నా బైలైన్ ఉన్న పేజీ కూడా దానిలో కాలింది. మూడుసార్లు ఆరిపోయింది. ఊదితే పొగ గొట్టంలోకి పోకుండా నా ముఖంలోకే వచ్చింది. కళ్ళు మండి, గొంతు పట్టేసి, దగ్గి దగ్గి కూర్చున్నా. నలభై నిమిషాలకు ఒక్క బకెట్ కాగింది. వెనక్కి తిరిగితే దూరంగా గుమ్మంలో అమ్మీ, ముక్కుకు దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "బస్ కర్ రే. అంత చాలు."

హాల్లో పెట్టుకుందామన్న మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

ఇక ఏం పెట్టాలి అన్నది మిగిలింది. 150 లీటర్ల నీళ్ళను కరెంటుతో కాచాలంటే రోజుకు దాదాపు ఆరు యూనిట్లు. మా రాయలసీమలో ఎండకు కొదవా? తిరుమలలో ఎప్పుడో ఎండతోనే ఆవిరి పుట్టించి వేలమందికి వంట చేసే ఏర్పాటు పెట్టారు. మన నీళ్ళకు ఎండ చాలదా అని సోలార్ హీటర్ అనుకున్నాం. ఈ మధ్య పీఎం సూర్యఘర్ అని వింటున్నారే, అది వేరు. ఆ పలకలు కరెంటు చేస్తాయి. ఇది నీళ్ళనే నేరుగా వేడి చేస్తుంది. రెండు రకాలున్నాయి. ఒకటి రాగి గొట్టాల పలక, రెండోది గాజు గొట్టాలది. ఉప్పునీళ్ళకు సన్నని రాగి గొట్టాలు త్వరగా పూడుకుపోతాయని గాజుదే తీసుకున్నాం. రెండు పొరల గాజు, మధ్యలో గాలి తీసేసి ఉంటుంది, మన థర్మాస్ ఫ్లాస్క్ లాగ. మోటారు అక్కర్లేదు. గరం పానీ హల్కా, పైకి పోతుంది. ఠండా పానీ భారీ, కిందికి దిగుతుంది. ఏడో తరగతిలో మా ఉస్తాద్ చెప్పిన పాఠం మా మిద్దె మీద పనిచేస్తుందని ఎప్పుడైనా అనుకున్నానా!

అమ్మీకి రెండు షక్‌లు. మొదటిది, "నిన్నటి ఎండ ఇవాళ ఫజర్‌కు ఎట్లా వస్తుంది రే?" టాంకు చుట్టూ మందంగా ఫోమ్ ఉంటుంది, రాత్రంతా వేడి నిలుస్తుందని చెప్పాను. నమ్మలేదు. రెండోది ఇంకా గట్టిది. "చలి పెట్టేదీ, ముసురు పట్టేదీ మనకు ఒకే నెలల్లో. 2021 నవంబరు యాద్ లేదా?" ఎట్లా లేదు? తిరుపతి వీధులు మునిగినప్పుడు మోకాళ్ళ నీళ్ళలో వార్తలు పంపింది నేనే. అందుకే టాంకులో కరెంటు కాయిల్ ఒకటి బ్యాకప్‌గా పెట్టించాం. ఈసారి మెగ్నీషియం కడ్డీ గురించి ముందే అడిగి, మార్చాల్సిన తేదీ క్యాలెండర్ మీద రాశాం.

మూడో షక్ మస్జిద్ దగ్గర ఒక బుజుర్గ్‌ది. "బేటా, ధూప్‌లో గరం అయిన పానీతో వుజూ మక్రూహ్ కదా?" నేను తడబడ్డాను. ఇమామ్ సాబ్‌ను అడిగాం. ఆయన ఓపిగ్గా చెప్పారు. ఆ మాట ఫిఖ్ కితాబుల్లో ఉన్నదే. ముఖ్యంగా షాఫయీల దగ్గర. హనఫీల్లో కూడా కొందరు మక్రూహె తన్జీహీ అన్నారు. కానీ దానికి షరతులున్నాయి. వేడి దేశం, లోహపు పాత్ర, దానిలో ఎండకు కాగిన నీళ్ళు, అవి వేడిగా ఉండగానే ఒంటికి వాడటం. కారణం బరస్ మచ్చలు వస్తాయన్న భయం. దానికి చూపించే రివాయత్ జయీఫ్. షాఫయీల్లోనే పెద్ద ఆలిమ్ ఇమామ్ నవవీ, దలీల్ చూస్తే కరాహత్ లేదన్నారు. వుజూ అయితే అందరి దగ్గరా అయినట్టే. "మీరు గాజు గొట్టాల్లో కాచుకుంటున్నారు. బేఫికర్‌గా వుజూ చేసుకోండి. ముందు అమ్మీజాన్‌ను పొగలోంచి బయటికి తీయండి" అన్నారు. బుజుర్గ్ కూడా నవ్వి, ధర ఎంతని అడిగారు.

హమామ్ తీసే రోజు పాత సామాన్ల అంగడి మనిషి తరాజు తెచ్చాడు. మసి, సున్నం కొట్టేసి తూచితే 14 కిలోలు. 8 వేల చిల్లర వచ్చింది. అమ్మీ నోట్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. "దీనిలో నా హిస్సా ఇది." వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు కదా, మిగతాది తమ్ముడూ నేనూ వేసుకున్నాం. అన్నీ కలిపి 30 వేలకు కొంచెం తక్కువ. ఆటోలో ఎక్కిస్తున్నప్పుడు అమ్మీ దాని కుళాయిని ఒకసారి చేత్తో తుడిచింది. అంతే. లోపలికి పోయింది. నేనే గేటు దగ్గర నిలబడిపోయాను.

బిగించేటప్పుడు ప్లంబర్ ఆపాడు. "సార్, చన్నీళ్ళ ట్యాంకు కిందకుండాది. సోలార్ కన్నా పైకెత్తాల, లేకుంటే నీళ్ళు ఎక్కవు." ఇటుకలు పేర్చి ట్యాంకు ఎత్తడానికి ఇంకో రెండు రోజులు. మీరెవరైనా పెట్టించుకుంటే ఇది ముందే చూసుకోండి. అమ్మీ ఒకే ఒక్క షరతు పెట్టింది. హమామ్ ఉన్న చోట, ఆంగన్‌లో, ఉడుకునీళ్ళ కుళాయి ఒకటి బయటికి ఉండాలి. "తలుపు కొట్టినవాళ్ళకు లేదనకూడదు."

మొదటి రోజు నేను అక్కడే ఉన్నా. మూడున్నరకు అమ్మీ గది తలుపు చప్పుడైంది. అలవాటు ఎక్కడికి పోతుంది? ఆంగన్‌లోకి వచ్చి, నల్లబడ్డ గోడ ముందు కాసేపు నిలబడింది. తర్వాత కొత్త కుళాయి తిప్పింది. ముందు చన్నీళ్ళు వచ్చాయి. చెయ్యి పెట్టి చూసి నా వైపు తిరిగి, "దేఖా?" అన్నది, నేను చెప్పింది అబద్ధమన్నట్టు. పైపులో నిలిచిన చన్నీళ్ళు పోయాయి. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. "సుబ్హానల్లాహ్. నిన్నటి ఎండే!"

పీట మీద కూర్చుని తీరిగ్గా వుజూ చేసింది. ముఖం కడిగింది, మోచేతులదాకా కడిగింది, పాదాల వేళ్ళ సందులు కూడా రుద్ది కడిగింది. లేచి చుట్టూ చూసింది. ఫజర్‌కు ఇంకా గంటన్నర ఉంది.

"అమ్మీ, పోయి పడుకో" అన్నాను.

"నిఖా అయి వచ్చినప్పటి నుంచి ఈ టైమ్‌లో తహజ్జుద్ చదవాలని ఉండేది. దాదా చదివేవారు, మీ అబ్బా సెలవు రోజు చదివేవారు. వాళ్ళకు వుజూ నీళ్ళు నేను ఇచ్చేదాన్ని. నాకు టైమ్ దొరికేది కాదు. మంట ఆరిపోతుంది కదా."

మామూలుగా చెప్పింది. శికాయత్ కాదు. చెప్పి జానిమాజ్ తీసుకుని లోపలికి పోయింది.

ఫిబ్రవరిలో పక్కింటి అవ్వ కొడుక్కు కూతురు పుట్టింది. పొద్దున్నే వచ్చి కుళాయి దగ్గర బకెట్లు నింపుకుని పోయారు. ఆ తర్వాతి వారం వీధి చివర ఒక మయ్యత్. ఆ నీళ్ళూ ఇక్కడివే. రేగాకు మాత్రం అమ్మీనే దంచి ఇచ్చింది. గోడకు సున్నం వేయిస్తానని ఆపా అంటే ఒప్పుకుంది, నేనే ఇంకా నాలుగు రోజులు ఆగమన్నాను.

దగ్గు పూర్తిగా పోలేదు. పాడైన ఊపిరితిత్తులు తిరిగి రావని డాక్టర్ ముందే చెప్పారు. ఇంకా పాడు కాకుండా చూసుకోవడమే. పఫ్ రెండు పూటలా నడుస్తోంది. ఆపా మాట ఐదేళ్ళ ముందు విని ఉంటే అన్న బాధ నాకు ఉంది, ఉంటుంది.

మీ ఇంటి వెనక కూడా హమామ్ ఉంటే, మీకు నీళ్ళు వెచ్చగా అందుతుంటే, ఒక్కరోజు మూడున్నరకు లేచి మీరే వెలిగించి చూడండి. ఆ తర్వాత ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

అమ్మీ సెహత్ కోసం దుఆ చేయండి. ఆమె మీ అందరికీ చేస్తోంది. ఇప్పుడు టైమ్ దొరికింది కదా.